మూడో ఇల్లు

లాంచీ పైఅంతస్తు,
రేవు ఊరికి ఎదురుగా, నది మధ్యలో

అన్నయ్యకు,

దండాలు తర్వాత పెడతాను, ముందు పోట్లాట. అన్నేళ్ళు ఈ నది మీద సరంగుగా లాంచీ నడిపావు, ఇంత అందమైన ఊరొకటుందని ఒక్కసారైనా నోరు విప్పావా? మలుపు తిరగ్గానే ఒక్కసారిగా కనబడింది. నీళ్ళలోకి దిగే రాతిమెట్లు, వాటి పక్కన వరసగా తొమ్మిది ఇళ్ళు, ఏ ఇంటి రంగు దానిదే. ప్రతి ఇంటికీ నది వైపు చెక్క వసారా, దాని మీద పూలకుండీలు, ఆరేసిన బట్టలు. ఆ వరస వెనకాల గడియారం స్తంభం. గడియారం ఏడు నిమిషాలు వెనక నడుస్తోంది, ఊళ్ళో ఎవరికీ దాంతో ఇబ్బంది లేదు. మా ప్రయాణికులు నలభైమందీ ఒక్క పక్కకే వచ్చి నిలబడితే లాంచీ ఒరిగింది. సగంమందిని అరిచి వెనక్కి పంపాల్సొచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ప్రస్తుతం నది మధ్యలో లంగరు వేసి, జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకి దింపుతున్నాం. మొన్న ఒక పెద్దావిడ పడవలోకి దిగుతూ మోకాలు విరగ్గొట్టుకుంది. దాంతో యజమాని, వచ్చే నెల నుంచి లాంచీ నేరుగా మెట్లకి తగలాల్సిందేనన్నాడు. మెట్ల ముందు మునుగుబండ ఉందని నీకు నేను చెప్పాలా? బండ ఎక్కడుందో చూపించే తేలుపీపా ఇరవయ్యేళ్ళ కిందటి వరదల్లోనే కొట్టుకుపోయిందట, రేవు ఆఫీసువాళ్ళు కొత్తది కట్టలేదు. బండ పక్కనుంచి వెళ్ళే దారి తెలిసిన సరంగువి నువ్వొక్కడివే మిగిలావని పాతవాళ్ళు చెబుతున్నారు.

కాబట్టి గుర్తు చెప్పు. మలుపు దగ్గర నుంచి చూస్తే గడియారం స్తంభం ఏ ఇంటి నెత్తిన నిలబడాలి? మెట్ల నుంచి ఎన్నో ఇల్లు? బయటివాళ్ళకి చెప్పినట్టు ఒకిల్లు కలిపి చెప్పకు. మొన్న మా ఇంజను డ్రైవరు, కొత్తవాడు, అడిగాడు, మీ సరంగులు గుర్తుని ఒకటి కలిపి ఎందుకు చెబుతారని. యజమాని చెవిన పడినా, పక్కనున్నవాడు విన్నా పనికిరాకూడదని, వినేవాడు సరంగైతే ఒకటి తీసేసుకుంటాడని, సొంత రక్తానికి మాత్రమే ఉన్నదున్నట్టు చెబుతామని చెప్పాను. అందరూ అబద్ధమే చెబుతారు, ఎవరూ మోసపోరు, బాగుంది మీ బడాయి అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

ఈ ఊళ్ళో ఇంకో వింత. అందరూ బట్టలు నది వైపు ఎండలో ఆరేస్తుంటే, లాడ్జీల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఒకావిడ మాత్రం ఇంటి వెనక నీడలో ఆరేస్తుంది. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెదొక దారి. నా చొక్కాలు ఆవిడకే ఇచ్చాను, రెండు రోజులు పడుతుందంది. వదినకి నా మాటగా చెప్పు, ఒక్కసారి ఇటు తీసుకొచ్చి చూపిస్తాను.

నీ తమ్ముడు


బస్ డిపో, రెండో నంబరు కౌంటరు

తమ్ముడికి,

నువ్వు బాగున్నావు, లాంచీ బాగుంది, ఊరు బాగుంది. ఇక్కడ మేమూ బాగున్నాం. వదినకి మెడనొప్పి కాస్త తగ్గింది. నేను పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక కంత లోంచి చేతులు చూస్తూ టికెట్లు కోస్తున్నాను. మొహాలు చూసే పని లేదు. నీళ్ళంటావా, కుండలో తప్ప చూడను. నాకు ఇదే సుఖంగా ఉంది.

ఊరు అందమైనదే, నేను కాదనను. అందంగా ఉన్నవన్నిటికీ వెళ్ళి తగలాలని ఎక్కడా లేదు. దూరపు కొండలు నునుపన్నారు, నువ్వు లంగరు వేసుకుని దూరం నుంచే చూపించు. మోకాలు విరిగితే కట్టు కడతారు. మీ యజమానికి, ఆ దారి పూడిపోయింది, ఇసుక మేట వేసింది, లాంచీ పోదు అని చెప్పు. నా పేరు చెప్పి చెప్పు. పద్దెనిమిదేళ్ళుగా ఏ లాంచీ పోని చోటికి నీ లాంచీ మాత్రమే ఎందుకు పోవాలి? కందకు లేని దురద కత్తికెందుకు?

చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చానని రాశావు. తీసేసుకో. నలిగిన చొక్కా వేసుకున్నంత మాత్రాన ఎవరూ నిన్ను పనిలోంచి తీసెయ్యరు. ఆవిడ అడిగితే మన ఇంటి సంగతులేమీ చెప్పకు. నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

గుర్తు సంగతి తర్వాత చూద్దాం. ఇన్నేళ్ళయింది, నాకు సరిగ్గా జ్ఞాపకం కూడా లేదు.

అన్నయ్య


రేవు ఊరు,
మెట్ల మీద కూర్చుని

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది, కానీ ఆలస్యమైంది. నా నోట్లో నువ్వుగింజ నానలేదు.

చొక్కాలు తెచ్చుకోవడానికి వెళితే, ఎవరి తాలూకు అని ఆవిడ అడిగింది. నీ తమ్ముణ్ణని గర్వంగా చెప్పాను. ఆవిడ మడతపెట్టిన చొక్కాలు మళ్ళీ విప్పి, నలిపి, ఉండలా చుట్టి నా చేతిలో పెట్టింది. నేను మెట్ల దాకా వచ్చేశాను. అక్కడ ఒక రాయి ఉంది, పద్దెనిమిదేళ్ళ కిందట ఇక్కడ లాంచీ మునిగి చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. పదకొండు పేర్లు. ఎన్నోసార్లు దాని పక్కనుంచి నడిచాను, ఎప్పుడూ చదవలేదు. ఆ రోజు చదివాను. తర్వాత పక్కనున్న మంగలిని అడిగాను. చనిపోయింది పన్నెండుమంది అన్నాడు. పన్నెండోవాడు ఆ లాంచీ సరంగేనట, తాగి నడిపాడని విచారణలో తేలిందట, అందుకే అతని పేరు రాయి మీద ఎక్కించలేదట. మనిషి తాటిచెట్టంత ఉండేవాడన్నాడు. ఆ ఇస్త్రీ ఆవిడ అతని భార్యేనట.

అన్నయ్యా, నీ స్నేహితుడు పొడుగన్న ఏదో ప్రమాదంలో పోయాడని మాత్రమే మాకు చెప్పావు. నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను, అడిగే వయసు కాదు. నువ్వూ ఆయనా ఒకే కంచంలో తిన్నవాళ్ళు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని, ఇక్కడి నుంచి చూస్తే నదికి అవతలి చివర కనబడుతుంది చూడరా అనేవాడు. ఆయన పోయింది ఈ రేవులోనని, ఆయన భార్య ఇక్కడే ఉందని నాకు ఎందుకు చెప్పలేదు?

మర్నాడు మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మెట్ల నుంచి రెండో ఇల్లు ఆవిడది. కింద గది అంతా దుప్పట్లు, బొగ్గుల పొయ్యి, గోడకి ఆయన ఫొటో. ఈసారి మాట్లాడింది.

"మీ అన్నయ్య మా ఆయనకి దొంగ గుర్తు చెప్పాడు. విచారణలో మళ్ళీ, నేనేమీ చెప్పలేదన్నాడు. నేను అక్కడే నిలబడి విన్నాను. నా మాట ఎవరూ రాసుకోలేదు. మా ఆయన్ని వెనకేసుకొస్తున్నానన్నారు."

ఇంత మాత్రమే అంది. గొంతు కూడా పెంచలేదు. పద్దెనిమిదేళ్ళుగా రోజూ అనుకుంటున్న మాట కాబట్టి కాబోలు, తడుముకోకుండా చెప్పేసింది. ఊళ్ళోవాళ్ళు ఆవిడకి బట్టలు ఇస్తారు, డబ్బులిస్తారు, గుమ్మం లోపలికి మాత్రం రారు. పదకొండుమందిని ముంచిన తాగుబోతు పెళ్ళాం కదా.

నేను నమ్మలేదు, ఆ మాట ఆవిడతోనే అన్నాను. మా అన్నయ్య అలాంటివాడు కాదన్నాను. "అయితే ఏం చెప్పాడో ఆయన్నే అడుగు" అంది. అడుగుతున్నాను. నాకు జ్ఞాపకం లేదని మాత్రం రాయకు. మన పెళ్ళిళ్ళ తేదీలు మర్చిపోతావేమో గానీ, నది మీద ఏ రాయి ఎక్కడుందో నువ్వు మర్చిపోవు.

నీ తమ్ముడు


ఇంటి దగ్గర,
వదిన ఆసుపత్రికి వెళ్ళిన వేళ

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. మూడు జవాబులు రాసి చింపాను. ఇది నాలుగోది.

పొడుగు అప్పటిదాకా అవతలి పాయలో తిరిగేవాడు. రేవు ఊళ్ళో కాపురమే గానీ, లాంచీని ఆ రేవుకి ఎప్పుడూ తేలేదు. ఆ ఏడాది వాడి యజమాని రూటు మార్చాడు. మర్నాడే మొదటి ట్రిప్పు. ఆయిలు పోయించుకునే చోట టీ దుకాణంలో కలిశాం. ఇంకో ఇద్దరు సరంగులు కూడా బల్ల దగ్గర ఉన్నారు. వాడు అందరి ముందే అడిగాడు, ఎన్నో ఇల్లు బావా అని. మాకు బంధుత్వం ఏమీ లేదు, వరస కలిపి పిలుచుకునేవాళ్ళం.

నేను "మూడో ఇల్లు" అన్నాను.

నిజమే చెప్పాను. గడియారం స్తంభం మూడో ఇంటి నెత్తిన నిలబడితే దారి, రెండో ఇంటి నెత్తిన నిలబడితే బండ. ఒకిల్లు కలపలేదు. నాన్న నాకు ఎలా చెప్పాడో అలాగే వాడికి చెప్పాను, ఎందుకంటే వాణ్ణి తమ్ముడితో సమానంగా చూసుకున్నాను. కలపలేదురా అన్న ఒక్క మాట కూడా అనాల్సింది. ఆ ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. అది కాదులే, అసలు సంగతి రాస్తాను. నువ్వు నాకు సొంత రక్తంతో సమానమని మగాడు మగాడితో మొహం మీద ఎలా చెబుతాడు? సిగ్గేసింది. వాడి కళ్ళలోకి చూసి ఊరుకున్నాను. అర్థం చేసుకుంటాడనుకున్నాను. వాడు నవ్వి, నా టీకి కూడా వాడే డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

ఒకటి తీసేసుకున్నాడు. సరంగు కదా.

విచారణలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. గుర్తు నువ్వు చెప్పావా అని అడిగారు. రేవు ఆఫీసు అనుమతి లేకుండా ఒక సరంగు ఇంకొకడికి దారి చెప్పకూడదన్నది రూలు, చెబితే లైసెన్సు పోతుంది. నీ చదువు, మంచాన పడ్డ నాన్న మందులు, అన్నీ ఆ లైసెన్సు మీదే ఉన్నాయని నాకు నేను చెప్పుకున్నాను. నేనేమీ చెప్పలేదన్నాను. బల్ల దగ్గరున్న ఆ ఇద్దరూ తమ లైసెన్సుల భయంతో విచారణకే రాలేదు. అలాంటప్పుడు పట్టపగలు బండ మీదకి ఎందుకు నడిపాడని వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్నారు. ఎవరో వెనక నుంచి, తాగి ఉంటాడన్నారు. అదే రాసుకున్నారు. పొడుగుకి టీలో పంచదార ఎక్కువైతేనే తల తిరిగేది. నాకు తెలుసు. ఆ మాటైనా చెప్పొచ్చు, అదీ చెప్పలేదు. లైసెన్సు నిలబడింది, నేను నిలబడలేకపోయాను. ఏడాది తిరక్కుండానే నది దిగి ఈ కంత వెనకాల కూర్చున్నాను.

నేను నోరు మూసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది నీకు రాయను, అడగకు.

ఈ ఉత్తరం చదివి చింపెయ్. ఆవిడకి చూపించకు. చదివి వినిపించకు. నేను దొంగ గుర్తు చెప్పానని ఆవిడ అనుకుంటోంది కదా, అలాగే అనుకోనీ. నాకు అలవాటైపోయింది.

నీ యజమాని వినకపోతే, గుర్తు మూడో ఇల్లే. కలపలేదు. ఈసారి నోటితో చెబుతున్నాను, కలపలేదు.

అన్నయ్య


రేవు ఊరు,
మంగలి దుకాణం బెంచీ మీద

అన్నయ్యా,

చదివి వినిపించాను.

నన్ను తిట్టుకునే ముందు ఇది విను. నీ ఉత్తరం అందాక నేరుగా మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. రాయి మీద పేరు చెక్కించాలంటే ఏం కావాలని గుమాస్తాని అడిగాను. గుర్తు చెప్పిన మనిషి సంతకం చేసి వాంగ్మూలం ఇస్తే, విచారణ కాగితం పక్కన అది పెట్టి, పేరు ఎక్కించొచ్చన్నాడు. ఇంత చిన్న పని. పద్దెనిమిదేళ్ళుగా గుమ్మం లోపలికి ఎవరూ రాని మనిషికి, మీ ఆయన తాగలేదు, మా అన్నయ్య మోసం చెయ్యలేదు, ఇద్దరూ మంచివాళ్ళేనని చెప్పగలిగే అవకాశం నా జేబులో ఉంది. చింపెయ్యమంటే ఎలా చింపుతాను? నేను మంచి వార్త తీసుకెళుతున్నాననుకున్నాను అన్నయ్యా.

ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. ఎడమచేత్తో నీళ్ళు చల్లుతూ, కుడిచేత్తో పెట్టె తోస్తూ, కానివ్వు అంది. నేను మొదటి నుంచి చదివాను. టీ దుకాణం దగ్గరికి వచ్చేసరికి పెట్టె ఆగింది.

"ఆ ఒక్క ముక్క మళ్ళీ చదువు" అంది.

"మూడో ఇల్లు అన్నాను. నిజమే చెప్పాను. ఒకిల్లు కలపలేదు" అని చదివాను.

ఆవిడ కదల్లేదు. పెట్టె కింద దుప్పటి మాడి పొగ వస్తోంది. నేనే వెళ్ళి పెట్టె ఎత్తి పక్కన పెట్టాను. దుప్పటి మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. ఆవిడ ఆ మచ్చని వేలితో తడుముతూ, నాతో కాదు, గోడ మీద ఫొటోతో కాదు, ఎవరితోనో చెప్పినట్టు చెప్పుకుపోయింది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి నవ్వుకుంటూ వచ్చాడట. మూడోదట, అంటే ఒకటి తీసేస్తే మనిల్లే, నీ ఇల్లే గుర్తురా అని చెప్పడానికి బావకి మొహమాటం వేసింది అన్నాడట. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక ఉన్నట్టుండి, కానీ ఆయన చూపు అదోలా ఉంది, నాకు నిజమే చెప్పాడేమో అని కూడా అన్నాడట.

"నేనే అన్నాను. మీ సరంగుల్లో నిజం చెప్పేవాడు ఇంకా పుట్టలేదు, ఒకటి తీసెయ్ అని నేనే అన్నాను" అంది.

మర్నాడు మధ్యాహ్నం తుంపర. అప్పట్లో ఇళ్ళకి ఈ రంగులు లేవు, వానలో తొమ్మిదీ ఒకేలా కనబడతాయి. ఆయనకి ఇల్లు పోల్చుకోవడం కష్టమవుతుందని, లాడ్జీ దుప్పట్లలో అన్నిటికన్నా వెడల్పు ఉన్న తెల్లదాన్ని తీసి వసారా మీద నుంచి వేలాడదీసిందట. గాలికి చుట్టుకుపోతుంటే కింద అంచు పట్టుకుని నిలబడిందట. లాంచీ మలుపు తిరిగింది. ఆయన దుప్పటి చూశాడు, రెండుసార్లు హారన్ కొట్టాడు. అవతలి పాయలో వెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఆవిడ కోసం అలాగే కొట్టేవాడట. తిన్నగా దుప్పటి వైపే వచ్చాడు.

ఆ దుప్పటి సంగతి విచారణలో చెప్పలేదట. ఎవరికీ చెప్పలేదట. తప్పు మీ అన్నయ్యదనుకున్నాను, అందుకే దాని గురించి ఆలోచించే అవసరం రాలేదు అంది. తర్వాత మాడిన దుప్పటి మడతపెట్టి, నన్ను బయటికి వెళ్ళమంది. తలుపు గడియ పడిన చప్పుడు విన్నాను. మర్నాడు పొద్దున వెళ్ళాను, తలుపు తియ్యలేదు. లాడ్జీవాళ్ళ మూటలు గుమ్మం ముందే పడి ఉన్నాయి.

నీ రెండో కారణం ఇప్పుడు నాకు తెలిసింది. ఏం చెయ్యాలో చెప్పు.

నీ తమ్ముడు


ఇంటి దగ్గర

ఒరేయ్,

నీకు చదువు చెప్పించినందుకు నన్ను నేనే కొట్టుకోవాలి. చింపెయ్యమని రాశాను. తెలుగులోనే రాశాను.

ఆ రోజు నేను వాడి వెనకాలే వస్తున్నాను. మలుపు దగ్గర నాకూ కనబడింది, రెండో ఇంటి మీద తెల్లగా. మొదట ఎవరో బట్టలారేశారనుకున్నాను. వానలో బట్టలు ఎవరారేస్తారు? అప్పుడు అర్థమైంది. చెయ్యి హారన్ మీదకి వెళ్ళేలోపల వాడు రెండుసార్లు కొట్టాడు. ఆ తర్వాత నేను హెచ్చరికగా కొట్టింది కూడా వాడు తనకి జవాబనుకున్నాడేమో. ఏడుగురిని నీళ్ళలోంచి నేనే లాగాను. పొడుగుని లాగలేకపోయాను. పైకి చూస్తే ఆవిడ ఇంకా దుప్పటి అంచు పట్టుకునే ఉంది.

విచారణలో నిజం చెబితే ఏమవుతుంది? సరంగు మూడోదని చెప్పాడు, మొగుడూ పెళ్ళాం కలిసి రెండోది చేసుకున్నారు అని తేలుతుంది. ఆవిడ నన్ను తిడుతూ బతకగలదు. తనని తాను తిట్టుకుంటూ ఎలా బతుకుతుంది? నా మీద కోపమే ఆవిడకి చేతికర్ర. నువ్వు దాన్ని లాగేశావు. మంచి చేద్దామని లాగేశావు.

నన్ను మరీ గొప్పవాణ్ణి చెయ్యకు. లైసెన్సు కోసం ఎంత నోరు మూసుకున్నానో, ఆవిడ కోసం ఎంత మూసుకున్నానో, పద్దెనిమిదేళ్ళుగా విడదీస్తూనే ఉన్నాను, తేలలేదు. లైసెన్సు పాలే ఎక్కువని వదిన అంటుంది. నిన్న అంతా ఆమెకి చెప్పేశాను. ఆమె నాకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

దీనితో వాంగ్మూలం పంపుతున్నాను. మూడో ఇల్లని నేనే చెప్పానని, వాడు తాగే మనిషి కాదని, విచారణలో అబద్ధం చెప్పానని రాశాను. డిపో మేనేజరు సాక్షి సంతకం చేశాడు. దుప్పటి గురించి ఒక్క ముక్క రాయలేదు. దాన్ని ఆఫీసులో ఇవ్వకు. ఆవిడ తలుపు కిందనుంచి లోపలికి తొయ్యి. ఇవ్వాలో చింపాలో ఆవిడ ఇష్టం. ఈసారైనా నేను చెప్పినట్టు చెయ్యి.

అన్నయ్య


రేవు ఊరు,
మెట్లకి కట్టిన లాంచీ మీద

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. కాగితం తలుపు కిందనుంచి తోశాను. లోపల అడుగుల చప్పుడు వినబడింది, కాగితం తీసుకున్న చప్పుడు కూడా వినబడింది. తలుపు తియ్యలేదు.

ఆ తర్వాతి ట్రిప్పులో ఆయిలు పోయించుకునే చోట ఆగాను. ముగ్గురు సరంగులున్నారు. వచ్చే వారం నుంచి వాళ్ళ లాంచీలు కూడా మెట్లకి తగలాలట, మా యజమానిని చూసి వాళ్ళ యజమానులూ పట్టుబట్టారు. గుర్తు ఎన్నో ఇల్లు అని అడిగారు. నేను లేచి నిలబడి, అందరికీ వినబడేట్టు, మూడో ఇల్లు, కలపలేదు అన్నాను. ముగ్గురూ నవ్వారు. రెండోదన్నమాట అన్నాడు ఒకడు. ఒట్టేశాను. ఇంకా నవ్వారు. ఒట్టు కూడా వేస్తున్నాడు, కుర్రాడు పని బాగా నేర్చాడు అన్నాడు ఇంకొకడు. నేను ఎంత గట్టిగా చెబితే వాళ్ళకి అంత నమ్మకంగా రెండో ఇల్లే కనబడుతోంది. నువ్వు ఆ రోజు కలపలేదురా అన్న ఒక్క మాట అనలేదని ఇన్నాళ్ళు కుమిలిపోయావు. అన్నా పొడుగన్న వినేవాడు కాదేమో. ఇది నీకు ఓదార్పో కాదో నాకు తెలియదు, చూసింది రాశాను.

ఇక్కడికి రాగానే ఆవిడ తలుపు ముందు నిలబడి, మూసిన తలుపుకే ఈ సంగతంతా చెప్పాను.

అది జరిగి వారమైంది. ఇవాళ మెట్లకి మొదటి ట్రిప్పు. లాంచీలో నలభై మూడుమంది ఉన్నారు. పొద్దున్నుంచి తుంపర. మలుపు తిరిగేటప్పటికి ఇళ్ళ రంగులన్నీ వానలో తడిసి ఒకటే బూడిదరంగయ్యాయి. మెట్ల నుంచి లెక్కపెట్టబోతున్నాను. లెక్క అక్కర్లేకపోయింది. మూడో ఇంటి వసారా మీద నుంచి తెల్ల దుప్పటి వేలాడుతోంది. మధ్యలో ఇస్త్రీపెట్టె ఆకారంలో మాడిన మచ్చ. గాలికి చుట్టుకోకుండా కింద అంచు పట్టుకుని ఆవిడ నిలబడి ఉంది.

గడియారం స్తంభాన్ని ఆ దుప్పటి నెత్తిన నిలబెట్టి, అలాగే తిన్నగా వచ్చేశాను. కుడిపక్క బండ, నీళ్ళ కింద నల్లగా, చేతికందేంత దగ్గర్లో జరిగిపోయింది. హారన్ కొట్టలేదు. కొట్టే ధైర్యం లేకపోయింది.

మూడో ఇల్లు ఒక లాడ్జీ. మాడిన దుప్పటి ముందు వేలాడితే ఊరి అందం పాడవుతుందని లాడ్జీ ఆయన గొడవపెట్టాడట. ఇన్నేళ్ళుగా మీ దుప్పట్లు ఉతుకుతున్నాను, రోజూ ఆఖరి లాంచీ వచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటుంది, లేకపోతే రేపటి నుంచి మీవి మీరే ఉతుక్కోండి అందట. ఆయన నోరు మూసుకున్నాడు. వాంగ్మూలం కూడా తనే తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చింది. దాని అడుగున తన చేత్తో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టిందట. ఏం రాసిందని గుమాస్తాని అడిగాను. దుప్పటి గురించి అన్నాడు. రాయి మీద పన్నెండో పేరు చెక్కేశారు. చోటు చాలక అక్షరాలు చిన్నవయ్యాయి.

జనం దిగాక నేను కిందికి వెళ్ళాను. ఆవిడ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, అంచు ఇంకా వదల్లేదు. ఇవాళ ఇంకా రెండు లాంచీలు రావాలి, అవి వచ్చేదాకా కదలనంది. అన్నయ్యకేమైనా చెప్పాలా అని అడిగాను. అంచు ఇంకో చేతికి మార్చుకుని నది వైపు తిరిగింది.

"మీ అన్నయ్య అబద్ధం చెప్పాడని ఇన్నాళ్ళూ తిట్టాను. అది మానేస్తాను. నిజాన్ని అంత మెల్లగా చెప్పినందుకు మాత్రం క్షమించనని చెప్పు" అంది.

చెబుతున్నాను. మలుపు దగ్గర రెండో లాంచీ కనబడుతోంది. దాని ముక్కు మొదట రెండో ఇంటి వైపే ఉంది, ఇప్పుడిప్పుడే మూడో ఇంటి వైపు తిరుగుతోంది.

నీ తమ్ముడు